బోన్సాయ్‌కి మన ఋతువులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు పాఠకులు ఈ శీర్షికకు పంపిన ఉత్తరాల్లో ఈసారి బోన్సాయ్ గురించినవే ఎక్కువ. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ప్రశ్నలను కొంత కుదించి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నా దగ్గరున్న పుస్తకంలో బోన్సాయ్‌కి వసంతం మొదట్లో మట్టి మార్చాలని, శరదృతువులో ఆకులు ఎర్రబడతాయని, శీతకాలంలో మంచు పడకుండా చూసుకోవాలని ఉంది. మా మేడ మీద రావి, చింత, సరుగుడు తొట్టుల్లో పెరుగుతున్నాయి. వీటికి ఏ నెలలో ఏమి చేయాలి? ఆకు చిన్నదిగా రావాలంటే ఏం చేయాలి?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

జవాబు: ఆ పుస్తకం జపాన్ వాతావరణానికి రాసినది, అక్కడి మేపుల్‌కూ పైన్‌కూ అది సరిపోతుంది, మీ రావికి సరిపోదు. అక్కడ చెట్టు ఎదుగుదలను ఆపేది గడ్డకట్టే చలి. మన వైపు చెట్టును ఆపేది నేలలోని తడి ఆరిపోవడం, తిరిగి నడిపించేది వాన. అందువల్ల నెల పేరు చూసి కత్తెర పట్టుకోవడం కంటే కొమ్మ చివరి మొగ్గను చూసి పట్టుకోవడం మంచిది.

రావి ఆకులు మాఘం చివరి నుంచి పసుపు తిరిగి రాలుతాయి. అప్పుడు ప్రతి రెమ్మ చివరా సన్నని మొనతో గట్టిగా ముడుచుకుని ఉన్న మొగ్గ ఒకటి కనిపిస్తుంది. కొన్నాళ్లకు అది ఉబ్బుతుంది, దాని పైపొర వదులవుతుంది, లోపలి రాగిరంగు చిగురు తొంగిచూస్తుంది. మట్టి మార్చడానికి ఆ నాలుగైదు రోజులే అత్యంత అనువైనవి, ఎందుకంటే ఆకులు లేనందున చెట్టుకు నీటి ఖర్చు తక్కువగా ఉంటుంది, చిగురు తోసుకొచ్చే ఊపు మాత్రం అప్పటికే మొదలై ఉంటుంది కాబట్టి కోసిన వేళ్ల దగ్గర కొత్త వేళ్లు త్వరగా పుడతాయి. లేత ఆకులు విచ్చుకున్న తరువాత వేళ్లు కోస్తే ఆ ఆకులు వేలాడిపోతాయి. ఒకవేళ ఆ అదను దాటిపోతే చైత్ర వైశాఖాల్లో ఏమీ చేయకుండా, ఋతుపవనం దక్షిణ ఒడిశాకు చేరే జూన్ రెండో వారం దాటేవరకు ఆగండి. రావి, మర్రి, జువ్వి జాతులన్నీ తొలివానల్లో మట్టి మార్పును బాగా తట్టుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు వేళ్లలో మూడో వంతు వరకు తీయవచ్చు. లేత చెట్లకు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, ముదురు చెట్లకు మూడు నాలుగేళ్లకు ఒకసారి ఈ పని చాలు.

చింతకూ దాదాపు ఇదే లెక్క వర్తిస్తుంది. పాత ఆకు రాలి కొత్త చిగురు మొదలయ్యే ఫాల్గుణమే దానికి మంచి సమయం. అయితే చింత వేళ్లను రావి వేళ్లంత ధైర్యంగా కోయకూడదు. తల్లివేరును ఒకేసారి మొదటికి నరకకుండా రెండు మూడు మార్పిడులలో కొంచెం కొంచెంగా కురచ చేస్తూ, పక్కలకు పాకే పిల్లవేళ్లను పెంచుకోవాలి. సరుగుడు సంగతి వేరు. దాన్ని చలిలో కదపవద్దు, వానలు నిలదొక్కుకున్నాక మాత్రమే మట్టి మార్చాలి. అది కూడా వేళ్ల చుట్టూ ఉన్న పాత మట్టిని పూర్తిగా కడిగేయకుండా కొంత అలాగే ఉంచి మార్చాలి. సరుగుడు కొమ్మను కత్తిరించేటప్పుడు పచ్చదనం కొంతైనా మిగల్చండి; పూర్తిగా బోసిచేసిన ముదురు కొమ్మ సాధారణంగా తిరిగి చిగురించదు.

ఆకు చిన్నదిగా రావాలని అడిగారు. రావి, మర్రి జాతులకు చైత్రంలో వచ్చిన ఆకులు ముదిరిన తరువాత, అంటే మే చివర్లో గాని తొలివానకు ముందు గాని, ఆకును మాత్రం కోసి తొడిమను చెట్టుకే వదిలేయాలి. కొద్ది రోజుల్లో తొడిమ తనంతట తానే రాలి, దాని మొదట్లోంచి చిన్న ఆకు వస్తుంది. అదే సంవత్సరం వేళ్లు కోసిన చెట్టుకు, నీరసంగా ఉన్న చెట్టుకు ఈ పని చేయవద్దు. పుస్తకాలు ఈ ఆకుకోతను గొప్పగా చెబుతాయి గానీ, నా అభిప్రాయంలో కొమ్మలు సన్నగా అల్లుకోకముందే ఆకు చిన్నది కావాలని తొందరపడటం వల్ల చెట్టుకు ఒరిగేది లేదు.

ప్రశ్న: మా ఊళ్లో అకడామా వంటి జపాన్ మట్టి దొరకదు, తెప్పించుకుంటే ధర చాలా ఎక్కువ. పొలంలోని మట్టి, పేడ ఎరువు కలిపి వాడితే తొట్టి అడుగున నీళ్లు నిలిచి వేళ్లు నల్లబడుతున్నాయి. వేరే దారి ఏమిటి?
(గుణుపురం నుంచి ఒక యువకుడు)

జవాబు: మీకు కావలసినవన్నీ గుణుపురంలోనే ఉన్నాయి. లోతు తక్కువ తొట్టిలో మన్ను పోషణ కోసం కాదు, వేళ్లకు తడితో పాటు గాలి అందించడం కోసం. పొలం మట్టిలోని మెత్తని రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని ఆ గాలిని మూసేస్తాయి. రెండు పాళ్లు ఇటుక ముక్కలు, ఒక పాలు వంశధార ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు గాని వర్మీ కంపోస్టు గాని తీసుకోండి. ఇటుక ముక్కలు 3 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పిండి జల్లెడలోంచి జారిపోయేదంతా పారేయాలి, ఇది విసుగు పుట్టించే పనే అయినా దీన్ని దాటవేస్తే మిగతా శ్రమంతా వృథా.

ఇటుకను ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష చేయండి. నాలుగు ముక్కలను గిన్నెడు నీటిలో రాత్రంతా నానబెట్టి, తెల్లవారి బొటనవేలితో గట్టిగా నలపండి. ముక్క ముక్కలాగే ఉంటే అది బాగా కాలిన ఇటుక. వేలికి ఎర్రని బురద అంటి నీళ్లు కలకబారితే అది సరిగ్గా కాలనిది, రెండు వానలకే తొట్టిలో కరిగి మీరు ఇప్పుడు పడుతున్న కష్టమే మళ్లీ తెస్తుంది. వాన ఎక్కువగా కురిసే చోట ఎరువు పాలు సగానికి తగ్గించి ఆ మేరకు ఇసుక పెంచండి. వేపపిండిని ఈ మిశ్రమంలో కలపకుండా, చెట్టు కొత్త మట్టిలో కుదురుకుని చిగురు వేశాక పైన కొంచెం చల్లితే సరిపోతుంది.

ప్రశ్న: వేసవిలో రోజుకు రెండుసార్లు నీళ్లు పోస్తున్నా ఆకుల అంచులు మాడుతున్నాయి. అక్టోబరు వచ్చేసరికి తుఫాను భయం. మేడ మీద బోన్సాయ్‌లు పెంచడం మా బరంపురానికి తగినదేనా?
(బరంపురం నుంచి ఒక గృహిణి)

జవాబు: తగినదే. కాకపోతే మేడ మీద ఎండను గడియారంతో కొలవలేము కాబట్టి, ఎన్నిసార్లు పోశామన్నది లెక్క కాదమ్మా, వేళ్ల దాకా చేరిందా లేదా అన్నదే లెక్క. ఒక కొబ్బరి చీపురు పుల్లను తొట్టి అంచుకూ మొదలుకూ మధ్యన అడుగు తగిలేదాకా గుచ్చి వదిలేయండి. పది నిమిషాల తరువాత తీసి చూస్తే ఎంత లోతున తడి ఉందో పుల్ల మీద ముదురు రంగు చెబుతుంది. మీ ఉత్తరాన్ని బట్టి పై అంగుళం తడిగా, కింద పొడిగా ఉండవచ్చునని అనుకుంటున్నాను. ఒకసారి పూర్తిగా ఎండిన వేరుముద్ద నీటిని పీల్చుకోదు, పోసిన నీళ్లు తొట్టి గోడల వెంట జారి రంధ్రంలోంచి పోతాయి. అటువంటప్పుడు తొట్టిని నీళ్ల తొట్టెలో అంచు మునిగేదాకా ఉంచి, బుడగలు రావడం ఆగాక తీయాలి.

మధ్యాహ్నపు వేడి చెట్టుకంటే తొట్టికి ఎక్కువ ప్రమాదం. గచ్చు మీద నేరుగా పెట్టిన తొట్టి అడుగు నుంచీ పక్కల నుంచీ వేడెక్కి వేళ్ల కొసలను మాడ్చుతుంది, ఆ మాడిన వేళ్ల సంగతి మనకు ఆకుల అంచున తెలుస్తుంది. ఫాల్గుణం దాటగానే తొట్లను చెక్కబల్ల మీదికి ఎక్కించి, సగం ఎండను ఆపే షేడ్ నెట్ కట్టండి. గొట్టంలో నిలిచిన వేడినీళ్లను బయటికి వదిలేశాకే చెట్టుకు నీళ్లు పెట్టండి. బోరునీళ్లు వాడేవారి తొట్టి అంచున తెల్లని పొర పేరుకుంటుంది, అది నీటిలోని లవణాలే. వానాకాలంలో వాన నీటితో మన్ను బాగా కడిగేలా తొట్లను ఆరుబయట తడవనివ్వడమే దానికి చవకైన మందు. వారాల తరబడి ముసురు పట్టినప్పుడు తొట్టి ఒక కొస కింద చిన్న ఇటుక ముక్క పెట్టి వాలుగా నిలపండి, నీరు త్వరగా జారిపోతుంది. ఈ కాలంలోనే కొమ్మలు చూస్తుండగానే లావెక్కుతాయి కనుక కొమ్మలను వంచడానికి చుట్టిన అల్యూమినియం తీగలను వారానికోసారి పరీక్షించాలి. తీగ బెరడులోకి దిగబడుతున్నట్టు కనిపిస్తే విప్పే ప్రయత్నం చేయకుండా ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీయండి.

తుఫాను విషయంలో మీ భయం అకారణం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం తాకిన తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. హెచ్చరిక రాగానే తొట్లన్నీ బల్లల మీద నుంచి దింపి, గాలి తగలని వైపు గోడకు ఆనించి దగ్గర దగ్గరగా పేర్చండి. మట్టి మార్చినప్పుడే అడుగు రంధ్రాల గుండా తీగ తెచ్చి వేరుముద్దను తొట్టికి కట్టి ఉంచితే ఇటువంటి రోజున చెట్టు తొట్టిలోంచి పెల్లగిలదు. మామూలు రోజుల్లో కూడా ఆ కట్టు వల్ల కొత్త వేళ్లు కదలక త్వరగా పాతుకుంటాయి. గాలి తగ్గాక మొదటి పని, ఆకుల మీద పడ్డ సముద్రపు ఉప్పును మంచినీళ్లతో కడగడం.

ప్రశ్న: కోరాపుట్‌లో మాకు చలి బాగా ఉంటుంది కదా, ఇక్కడ జపాన్ మేపుల్, జూనిపర్ పెంచవచ్చా?
(కోరాపుట్)

జవాబు: మీది సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. జూనిపర్ బరంపురం కంటే మీ దగ్గర మేలుగా ఉండవచ్చు, మట్టిలో నీరు నిలవకుండా చూసి పూర్తి ఎండలో, గాలిలో ఉంచి ప్రయత్నించండి. మేపుల్ వద్దంటాను. దానికి వారాల తరబడి ఎడతెగని చలి నిద్ర కావాలి, మన పుష్యమాసపు రాత్రులు ఎంత వణికించినా మధ్యాహ్నాలు దాన్ని మేల్కొలుపుతూనే ఉంటాయి, నాలుగైదేళ్లలో కుంగిపోతుంది. మీ చలిలో జాగ్రత్త పడవలసినది మర్రి, రావి జాతులకే. రాత్రి 10 డిగ్రీల కంటే దిగే రోజుల్లో వాటిని పైకప్పు కిందికి జరిపి, నీళ్లు సాయంత్రం పోయకుండా ఎండెక్కాక పోయండి.

ప్రశ్న: రావిచెట్టును పొట్టిగా చేసి తొట్టిలో పెంచితే దోషమని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
(రాయగడ)

జవాబు: దోషాల గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. చెట్టు వైపు నుంచి మాత్రం చెప్పగలను: బోన్సాయ్‌ని ఆకలితో మాడ్చి పొట్టిగా చేస్తారన్నది అపోహ, దానికి నేలలోని చెట్టుకంటే తరచుగా ఎరువు, నీరు అందుతాయి, పరిమాణం తగ్గేది కత్తిరింపు వల్లనే. అయినా ఇంట్లో పెద్దావిడ మనసు కష్టపెట్టుకునే చెట్టును రోజూ ఆవిడ కళ్లముందు పెట్టవలసిన అవసరం లేదు. జువ్వి, చింత, నాగగొలుగు, దానిమ్మ ఎవరికీ అభ్యంతరం లేనివి, పనితనం చూపడానికి రావి కంటే తక్కువైనవీ కావు.

ప్రశ్న: మా ఊరి పక్క కొండల్లో మేకలు కొరికి గుబురుగా, లావుపాటి మొదళ్లతో ఉన్న చెట్లున్నాయి. వాటిని తవ్వి తెచ్చుకోవచ్చా?
(గజపతి జిల్లా)

జవాబు: అటవీ శాఖ అనుమతి లేకుండా రిజర్వు అడవి నుంచి మొక్క తీయడం నేరం. పైగా బండరాళ్ల సందుల్లో పాతుకున్న చెట్టును తీస్తే పిల్లవేళ్లు కొండలోనే ఉండిపోయి మొద్దు మాత్రమే చేతికి వస్తుంది. కూల్చబోతున్న పాత ఇళ్ల గోడల్లో మొలిచిన రావి, జువ్వి మొక్కలను ఇంటి యజమాని అనుమతితో తెచ్చుకోండి. ఆషాఢంలో తీస్తే చాలావరకు బతుకుతాయి, గోడ నొక్కిడికి వాటి వేళ్లు ముందే బల్లపరుపుగా విస్తరించి ఉంటాయి కనుక లోతులేని తొట్టికి బాగా కుదురుతాయి.

ప్రశ్న: నర్సరీలో కొన్న, దుంపవంటి వేళ్లున్న ఫైకస్ (మర్రి జాతి) బోన్సాయ్ ఆకులు నిలువునా మడతపడి లోపల నల్లని చిన్న పురుగులు కనిపిస్తున్నాయి.
(జయపురం)

జవాబు: అవి తామర పురుగులు. మడతపడిన ఆకు మళ్లీ విప్పుకోదు, దాని లోపలికి మందు కూడా పోదు, కాబట్టి అటువంటి ఆకులన్నీ కోసి కాల్చేయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి కొత్త చిగుళ్ల మీద వారానికోసారి సాయంత్రం పూట చల్లండి. తొట్టిని గదిలోంచి బయటికి తెచ్చి ఎండ తగలనివ్వండి, గదిలో ఉంచినంతకాలం ఏదో ఒక తెగులు దాన్ని వదలదు.

ప్రశ్న: పండుగలకు ఇంటికి వచ్చేవారికి నా బోన్సాయ్‌లు చూపించాలని ఉంటుంది. బొమ్మల కొలువులో పెట్టవచ్చా? జపాన్‌లో వీటిని ఎలా ప్రదర్శిస్తారు? ఎన్ని రోజులు ఇంట్లో ఉంచవచ్చు?
(బరంపురం, గుణుపురం, రాయగడల నుంచి పలువురు)

జవాబు: పెంచడం గురించి వంద ఉత్తరాలు వస్తే చూపించడం గురించి ఒకటి వచ్చేది. ఈసారి ఒకేసారి ఇన్ని వచ్చినందుకు సంతోషం.

జపాన్ సంప్రదాయ గృహాల్లో అతిథులు కూర్చునే గదిలో తొకొనొమ అనే ఒక అర ఉంటుంది. అందులో చెక్క పీట మీద ఒక చెట్టు, వెనుక గోడకు వేలాడే ఒక చిత్రపటం, పక్కన చిన్న పాత్రలో గడ్డి మొక్కో అడవి పువ్వో ఉంచుతారు. ఈ మూడూ కలిసి ఒక ఋతువును సూచించాలి గానీ ఒకే సంగతిని మూడుసార్లు చెప్పకూడదు, పూచిన చెట్టు వెనుక పూల చిత్రం వేలాడదీయరు. చెట్టు ఆ గదిలో కాపురం ఉండదు. ఆరుబయట ఉండి, అతిథి వచ్చినప్పుడు లోపలికి వచ్చి, తిరిగి బయటికి పోతుంది. 1923 భూకంపం తరువాత టోక్యో విడిచిన బోన్సాయ్ వృత్తికారులు 1925లో స్థిరపడిన, టోక్యోకు ఉత్తరాన ఉన్న ఒమియాలో 2010 నుంచి బోన్సాయ్ కళకే ప్రత్యేకించిన మ్యూజియం ఒకటి ఉంది. 1934లో మొదలైన కొకుఫు అనే బోన్సాయ్ ప్రదర్శన ఇప్పుడు ఏటా ఫిబ్రవరిలో టోక్యోలో జరుగుతుంది. అది చలికాలం కనుక ఆకురాల్చే చెట్లను అక్కడ బోసి కొమ్మలతోనే పెడతారు. కొమ్మల అల్లికలో దశాబ్దాల పనితనం ఆకులు లేనప్పుడే బయటపడుతుంది, అందులో దాచుకోవడానికి ఏమీ ఉండదు.

మన దగ్గర ఆ బోసితనం శివరాత్రి ప్రాంతంలో రావికి వస్తుంది. మనవాళ్లు ఆకు రాలిన చెట్టును చూసి ఎండిపోయిందనుకుని మూలకు జరుపుతారు, నిజానికి అతిథులకు చూపవలసిన వారం అదే. ఉగాదికి అదే రావి రాగిరంగు చిగురుతో మరోసారి లోపలికి రావచ్చు. శ్రావణంలో దట్టంగా పచ్చబడిన జువ్విని, పుష్యంలో పూచిన కాగితం పూల చెట్టును పెట్టవచ్చు. ఎప్పుడు చూసినా ఒకే చెట్టును హాల్లో ఉంచేవారికి చెట్టు ఉంటుంది గానీ కాలం కనిపించదు.

పక్కన ఉంచే చిన్న మొక్క కోసం ఎక్కడికీ పోనవసరం లేదు. అరచేతిలో పట్టే చిన్న మట్టి పాత్రలో గుప్పెడు చోళ్లు చల్లితే పది రోజుల్లో సన్నని పచ్చని పోచలు లేస్తాయి. రాయగడ కొండవాలుల్లో వానాకాలం ఎలా ఉంటుందో తెలిసినవారికి జువ్వి పక్కన ఆ పాత్ర చాలు, వేరే చిత్రపటం అక్కరలేదు. చలికాలంలో సగం ఎండిన గరిక కూడా బాగుంటుంది. ఈ చిన్న మొక్క ఎత్తు ప్రధాన వృక్షపు తొట్టి అంచును పెద్దగా దాటకుండా చూడండి.

బొమ్మల కొలువు మెట్ల మీద మాత్రం వద్దు. రంగుల మధ్య చెట్టు కనిపించదు, దీపాల వేడికి చిగురు వాడుతుంది. అదే గదిలో వేరే గోడ ఎంచుకుని, ఆ గోడ మీది క్యాలెండరు, ఫొటోలు తీసేయండి. అతిథులు చాప మీద కూర్చునే ఇంట్లో పొట్టి పీట, కుర్చీల్లో కూర్చునే ఇంట్లో ఎత్తు బల్ల వాడి, చూసేవారి కళ్లు కాండం మధ్యభాగానికి తిన్నగా వచ్చేలా అమర్చండి. వేళ్లు విశాలంగా పరుచుకున్నట్టు కనిపించే వైపు ముందుకు ఉండాలి, చూసేవారి ముఖం మీదికి పొడుచుకువచ్చే కొమ్మ ఆ వైపు ఉండకూడదు. ముందురోజు ఆకులను తడిగుడ్డతో తుడిచి, తీగలు తీసేసి, నునుపు పూత లేని తొట్టి అయితే దానికి గుడ్డతో పలుచగా నూనె రాయండి, పాత మరకలు సద్దుమణుగుతాయి. ప్రహరీ గోడల మీద వానాకాలంలో పెరిగే నాచును పలుచని పొరగా తీసి మన్ను మీద పరిస్తే చెట్టుకు వయసు వచ్చినట్టుంటుంది. ప్రదర్శన అయ్యాక దాన్ని తీసేయండి, లేకుంటే కింద తడి ఉందో లేదో తెలియదు.

ఇంట్లో మూడు రోజులకు మించి ఉంచవద్దు. ఫ్యాను కింద, ఏసీకి ఎదురుగా అయితే ఒక్క పూట చాలు. బయటికి తీసుకువెళ్లాక నేరుగా మండుటెండలో పెట్టకుండా రెండు రోజులు నీడలో ఉంచండి.

ప్రశ్న: కాగితం పూల బోన్సాయ్ ఆకులతో బ్రహ్మాండంగా ఉంది, పువ్వు మాత్రం లేదు.
(పర్లాకిమిడి)

జవాబు: నీళ్లు, పేడ ఎరువు ఎక్కువవుతున్నాయి. కార్తీకం నుంచి ఎరువు ఆపి, రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటికి మార్చి, లేత కొసలు కొద్దిగా తలవాల్చేవరకు నీళ్లు పోయకుండా ఆగి, అప్పుడు నిండుగా పోయండి. కొమ్మల చివర్లలో రంగు కనిపించగానే మామూలుగా నీళ్లు ఇవ్వవచ్చు. కత్తిరింపు ఎప్పుడూ పూత అయిపోయాకే చేయాలి, ముందు చేస్తే మొగ్గలు పట్టే కొసలు కూడా పోతాయి.